పొయ్యిలో పడని పుటలు

పద్నాలుగో భాగం

చేతిలో యాలకుల రొట్టెల పళ్ళెం పట్టుకుని, గ్రామ సంఘం హాలు తలుపు సగం తెరిచి, నేను కొయ్యబారిపోయిన దగ్గర కిందటివారం ఆగాం. లోపల వేసవి నాటకం మొదటిసారి చదువుతున్నారు. మందుల షాపు కైసు లేచి నిలబడి, కాగితం చూసి ఒక వాక్యం చదివింది. ఆ వాక్యం నాది. మార్చి నెలలో ఒక పొద్దున్న మొహం కూడా కడుక్కోకుండా, మంచం అంచున కూర్చుని రాసుకున్నది.

కథ మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు ఇర్మేలి, నాకు అరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళు ఈ ఊరి బడి వంటగదిలో ప్రతి గురువారం బఠాణీ సూప్ కాచాను. అంతకుముందు నేను రాసే మనిషిని. ముప్పై ఆరో ఏట ఒక నవల పూర్తిచేసి హెల్సింకీలో ఒక ప్రచురణ సంస్థకి పంపాను. నచ్చకపోతే తిప్పి పంపమని తపాలా బిళ్ళలు కూడా పెట్టాను. జవాబు రాలేదు. ఏడాదంతా ఎదురుచూశాను, తర్వాత మానేశాను. ఆ పైన ఇరవై మూడేళ్ళు నా చేత్తో రాసినవి సరుకుల చీటీలు, చావు ఇళ్ళకి పంపే కార్డులు, అంతే.

కిందటి అక్టోబరులో పట్నంలో పెద్దవాళ్ళ సాయంకాలపు బడిలో చేరాను. అక్కడి టీచరమ్మ నేర్పింది ఒక్కటే. నిద్ర లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, కాఫీ ముట్టకముందే మూడు పుటలు చేత్తో రాయాలి. ఏడుపో, తిట్లో, కలో, ఏదైనా సరే. వెనక్కి తిరిగి చదవకూడదు, ఎవరికీ చూపించకూడదు. కాఫీకి ముందు అనేసరికి క్లాసులో సగంమంది రావడం మానేశారు. నేను మానలేదు. పొద్దున్నే నాతో మాట్లాడకూడదని మా ఆయన ఎస్కోకి చెప్పాను. అసలే నోరు విప్పని మనిషి, ఆ నియమం అతనికి పండగే అయింది.

నోటుపుస్తకం నిండగానే చుట్టవైరు లాగేసి, అట్టలు తీసేసి, పుటల్ని తీసుకెళ్ళి ఆవిరిస్నానం చేసే మా సౌనా పక్కగదిలో, పొయ్యి రాజేయడానికి పెట్టిన బుట్టలో పడేసేదాన్ని. పాత పేపర్లు, బిర్చి చెట్టు బెరడు, గుడ్ల అట్టలు, అన్నీ ఆ బుట్టలోకే వెళ్తాయి. మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే. శనివారం మధ్యాహ్నం ఎస్కో సౌనా పొయ్యి వెలిగిస్తాడు, బుట్ట ఖాళీ అవుతుంది. అలా ఏడు పుస్తకాలు పొగై సరస్సు మీదుగా పోయాయనుకుని హాయిగా ఉన్నాను.

ఫిబ్రవరిలో ఆ పుటల్లో ఒక ఆడమనిషి మాట్లాడడం మొదలుపెట్టింది. ఆమె నేను కాదు, నాకంటే నోరున్న మనిషి. రోజూ పొద్దున్న లేచేసరికి ఆమె సిద్ధంగా ఉండేది. నాలో చచ్చిపోయిందనుకున్నది లేచి కూర్చుందని తెలిసి భయమేసింది. దాని జోలికి ఎవరూ రాకుండా ఉంటే చాలనుకున్నాను. రెండోసారి పోగొట్టుకుంటే మూడోసారి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు ఆ మనిషి మాటలు కైసు నోట్లో ఉన్నాయి.

"ఊరందరి పాలూ మోశాడు, ఇంటికి మాత్రం ఒక్క చుక్క తేలేదు," అని చదివింది కైసు. కుర్చీల్లో ఉన్న పన్నెండు మందీ నవ్వారు.

నాకు ముందు కోపం రాలేదు, అయోమయంగా అనిపించింది. ఆ వాక్యంలో పాలు లేవు. నేను రాసింది పోస్ట్‌మ్యాన్ గురించి. "ఊరందరి కబుర్లూ మోశాడు, ఇంటికి మాత్రం ఒక్క మాట తేలేదు." మా ఆయన ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాడు. ఎవరో ఆయన్ని పాలబండి డ్రైవర్‌ని చేసి, నా వాక్యం నడుం విరగ్గొట్టారు. పాల డ్రైవరు ఇంటికి పాలు తేకపోతే ఏం? షాపులో కొనుక్కుంటారు. అందులో బాధేముంది? అప్పుడొచ్చింది కోపం. దొంగిలించినందుకంటే పాడుచేసినందుకే ఎక్కువ వచ్చింది. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

పళ్ళెం కిటికీ అరుగు మీద పెట్టి నేరుగా బల్ల దగ్గరికి నడిచాను. బల్ల చివర కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చున్నది తెల్లెర్వో. ఎస్కోకి అక్క, నాకు వదిన. మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. ఆవిడ టీచరు, నేను వంటమనిషిని. రిటైరై ఎన్నేళ్ళయినా ఆ తేడా ఆవిడ మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వలేదు. వేసవి నాటకం పదహారేళ్ళుగా ఆవిడ చేతిలోనే ఉంది. గోడ మీద పోస్టరు అప్పుడే అంటించారు. రచన అని ఉన్నచోట "గ్రామస్థులు" అని వేశారు.

ఆ కాగితాలు ఎక్కడివని అడిగాను. చదువు మధ్యలో ఆటంకం కలిగించొద్దని, విరామంలో మాట్లాడదామని ఆవిడ అంది. మూడో తరగతి పిల్లకి చెప్పినట్టు చెప్పింది. నేను కైసు చేతిలోంచి కాగితం లాక్కున్నాను. పన్నెండు మందీ తమ తమ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. మా ఊరివాళ్ళకి ఎదుట గొడవ జరిగితే కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎవరో లేచి చప్పుడు కాకుండా కాఫీ కప్పులు పేర్చసాగారు.

"ఇది నా రాత, వదినా."

"నీదే. కాదన్నానా?"

"మరి నీ దగ్గరెందుకుంది?"

"పొయ్యిలోకని పారేశావు కదా మరదలా. పారేసిన దానికి కూడా కాపలా కాస్తావా?"

ఏప్రిల్‌లో ఒక శనివారం తన వంతు కోసం సౌనా పక్కగదిలో కూర్చుని ఉండగా బెంచీ పలకల కింద కాగితాల కట్టలు కనిపించాయట. ఆవిడ ఉండే అపార్ట్‌మెంట్‌లో కరెంటు సౌనా. కట్టెల పొయ్యి కోసం ప్రతి శనివారం మా ఇంటికే వస్తుంది. కట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయిందట. రెండు రాత్రులు చదివిందట. పదహారేళ్ళలో ఈ ఊరి నుంచి ఇంత మంచి సరుకు రాలేదట. నా పేరు వేస్తే అందులోని మొగుడు ఎస్కోయేనని ఊరంతా గుర్తుపడుతుంది కాబట్టి, మా కాపురం మేలు కోరి పేరు తీసేసి పోస్ట్‌మ్యాన్‌ని పాలబండి ఎక్కించిందట. ఇదంతా నాకు ఉపకారం చేసినట్టే చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ ఆరున్నరకి, ఇంకా నిద్ర వదలని చేత్తో రాసుకున్న మాటలవి. అందులో అత్తగారి మీద కసి ఉంది, నా మోకాళ్ళ నొప్పి ఉంది, వదిన వేసుకునే సెంటు వాసన మీద ఒక పుటన్నర ఉంది. అవన్నీ ఈవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదివింది. ఎవరూ చదవరన్న ఒక్క ధైర్యంతో నేను మళ్ళీ మనిషినయ్యాను. ఆ ధైర్యాన్ని ఈవిడ సంచిలో వేసుకుపోయింది. నాటకం ఆపమన్నాను. టిక్కెట్లు అమ్మేశామంది. ఆపకపోతే మొదటి రోజే స్టేజి ఎక్కి ఏ వాక్యం ఎవరిదో చదివి వినిపిస్తానన్నాను. అప్పుడు మాత్రం ఆవిడ కళ్ళజోడు తీసింది.

"నువ్వు రాసిందాంట్లో ఉన్నదంతా కోపమే ఇర్మేలీ. దాన్ని నాటకం చేసింది నేను. ఆ మొగుడి మాటలు లేకపోతే అది వట్టి తిట్లపురాణం."

మొగుడి మాటలంటే ఏమిటని అడిగాను. నా పుటల్లో మొగుడు మాట్లాడడు. మాట్లాడకపోవడమే నా బాధంతా.

మొగుడి వేషం ట్రాక్టర్ మెకానిక్ తాపియోది. ఆ పెద్ద మనిషి ఇబ్బందిగా నావైపు చూశాడు. చదవమన్నాను. గొంతు సవరించుకుని, తలెత్తకుండా చదివాడు.

"నేను ఒక మాట అంటే నువ్వు దాన్ని సరిచేస్తావు. ఆ మాట అలా అనరంటావు. అందుకే అనడం మానేశాను. నువ్వు రాసుకునేటప్పుడు కాఫీ తలుపు బయట పెట్టి వెళ్తాను. చల్లారిపోయిందా అని అడగాలని ఉంటుంది. చల్లారడం కాదు, ఇంకేదో మాట ఉందంటావేమోనని అడగను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. తాపియో కాగితం మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. నాకు అసూయ కలిగింది, దాచడం దేనికి. నా పుటలన్నిట్లో అంత మంచి మాట ఒక్కటీ లేదు. నా కథలోకి వచ్చి నాకంటే బాగా రాసింది ఎవరో తేలాలి. నువ్వే కదా రాసింది అని వదిన మీదికి వెళ్ళాను.

"నేను కాదు. కాగితాల అంచున ఉన్నాయి, పెన్సిల్‌తో. నువ్వే రాసుకున్నావనుకున్నా ముందు. తర్వాత అక్షరాలు చూశాను."

ఆవిడ సంచిలోంచి కట్టలు తీసి బల్ల మీద పెట్టింది. నా నీలం సిరా పక్కన, ఖాళీ అంచుల్లో, పెన్సిల్‌తో విడివిడిగా నిలబెట్టిన అక్షరాలు. ఆ అక్షరాలు ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంట్లో మనిషి లేనప్పుడు తలుపుకి గుచ్చి వెళ్ళే చీటీ మీద అవే అక్షరాలు ఉండేవి. "మీరు లేరు. పార్సిల్ షాపులో ఉంది. ఎస్కో."

అంటే వారం వారం సౌనా వేడెక్కే రెండు గంటలూ అతను ఆ బెంచీ మీద కూర్చుని నన్ను చదివాడు. చదివి కాల్చలేదు. జవాబు రాసి పలకల కింద దాచాడు. ఆ తర్వాత అదే సాయంత్రం నా పక్కన ఆవిరిలో కూర్చుని, పొయ్యి మీది వేడి రాళ్ళ మీద నీళ్ళు పోసి, నీళ్ళు చాలా అని మాత్రం అడిగాడు. ముప్పై నాలుగేళ్ళుగా భోజనాల బల్ల దగ్గర నేను అడిగిన ఏ ప్రశ్నకీ రాని జవాబులు, అడగనప్పుడు, నా వెనకాల, కాగితం అంచున వచ్చాయి. ఇది ప్రేమ అని హాల్లో ఉన్న ఆడవాళ్ళ మొహాలు అంటున్నాయి. నాకు మాత్రం అది ఇంకో దొంగతనంలాగే కనిపించింది. అక్కా తమ్ముడూ కలిసి నన్ను పంచుకున్నారు.

నిలబడే పుటలు తిప్పాను. నియమం ప్రకారం వెనక్కి చదవకూడదు. ఆ నియమం ఎలాగూ ఊరు ఊరంతా మట్టుపెట్టింది కదా అని చదివాను. మోకాళ్ళ నొప్పి పక్కన "మందు కొన్నాను, అలమారలో ఉంది" అని రాశాడు. అత్తగారి మీద కసి పక్కన "నిజమే" అని ఒక్క ముక్క. ఏప్రిల్ మొదటివారం పుట దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ రోజు నేను ఆ పాత నవల గురించి రాసుకున్నాను. వద్దని ఒక్క ముక్క రాసి పంపినా నేను ఇంకోటి రాసేదాన్ని, ఏమీ అనకపోవడమే నన్ను చంపేసింది అని రాశాను. సిరా కొంచెం అలుక్కుపోయి ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో రెండుసార్లు చెరిపి మూడోసారి రాసింది ఉంది.

"జవాబు వచ్చింది. నేను నీకు ఇవ్వలేదు."

ఎన్నిసార్లు చదివానో తెలియదు. తలెత్తి వదినవైపు చూశాను. ఈ పుట చూశావా అని అడిగాను. ఏ విషయంలోనైనా నాకు పాఠం చెప్పకుండా వదలని మనిషి, మొదటిసారి అందరిలాగే తన బూట్లు చూసుకుంది.

"అది మీ ఇద్దరి మధ్య సంగతి," అంది.

"ఎన్నాళ్ళయింది చూసి?"

"ఆరు వారాలు."

ఆరు వారాలుగా ప్రతి శనివారం మా సౌనాలో కూర్చుంది, నేను కాల్చిన సాసేజి తింది, నా ఆవాల ముద్దలో ఉప్పు తక్కువైందంది. అది తెలిసీ. ఆవిడని కొట్టలేదు. కొట్టాలనిపించింది, అదీ నిజమే. కట్టలన్నీ చంకలో పెట్టుకుని, నాటకం సంగతి సోమవారం తేలుస్తానని, అప్పటిదాకా నా మాట ఒక్కటి ఎవరి నోట్లోంచి వచ్చినా ఊరుకోనని చెప్పి బయటికొచ్చాను. వెనకాల తాపియో తలుపు పట్టుకున్నాడు. మొదటి వాక్యంలో పోస్ట్‌మ్యానే బాగుందమ్మా అని మెల్లిగా అన్నాడు. ఆ రోజు నాకు న్యాయం చేసింది ఆయనొక్కడే.

ఇంటికి నాలుగు కిలోమీటర్ల కంకర రోడ్డు. సైకిల్ బుట్టలో ఏడు పుస్తకాల పుటలు పెట్టి తొక్కాను. దారంతా ఒకటే లెక్క. ఆ ఏడాది నేను రోజూ పదకొండింటికి తపాలా పెట్టె దగ్గర నిలబడేదాన్ని. ఎస్కో పసుపు కారు వంపు తిరిగి వచ్చేది. కిటికీ దించి, ఈ రోజు నీకేమీ లేవు అనేవాడు. ఊళ్ళో అందరికీ ఇచ్చినట్టే నాకూ ఆ జవాబు ఇచ్చి, కారు ముందుకు పోనిచ్చేవాడు. నేను లోపలికెళ్ళి బంగాళాదుంపలు ఒలిచేదాన్ని. ఒక రోజు కాదు, ఏడాదంతా.

సౌనా పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. ఎస్కో మెట్టు మీద కూర్చుని బిర్చి బెరడు చీలుస్తున్నాడు. నా చంకలోని కట్టలు చూసి చేతిలో పని ఆపాడు. లేచి పారిపోతాడేమో, మామూలుగా సరస్సు వైపు చూస్తాడేమో అనుకున్నాను. నావైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఎక్కడ?" అన్నాను.

ఏమిటని అతను అడగలేదు. లోపలికెళ్ళాడు. పక్కగదిలో పైకప్పు పలక జరిగిన చప్పుడు వినిపించింది. పాత కాఫీ డబ్బా ఒకటి పట్టుకొచ్చి, మూత తీసి, ఒక కవరు నా చేతిలో పెట్టాడు. నా పేరు టైపు చేసి ఉంది. మూలన ఆ ప్రచురణ సంస్థ పేరుంది. నవంబరు ముద్ర, ఇరవై నాలుగేళ్ళ కిందటిది. అంటించిన చోటు అంటించినట్టే ఉంది.

చదివావా అని అడిగాను. లేదన్నాడు. ముప్పై ఏళ్ళలో వేరేవాళ్ళ ఉత్తరం ఒక్కటి కూడా తెరవలేదన్నాడు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వం చూసి నాకు పిచ్చెక్కింది.

"నా పుటలు చదివావు కదా?"

"అవి ఉత్తరాలు కావు. బుట్టలో ఉన్నాయి."

"మీ అక్కా ఇదే అంది. నేను పారేస్తే మీది, నాకొస్తే మీది. మరి నాదేది, ఎస్కో?"

అతను డబ్బా మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఈసారి నేను ఖాళీ నింపలేదు. అతని తరఫున ఏ మాటా అందించలేదు, ఏ మాటా సరిచేయలేదు. మామూలుగా అయితే అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేదాన్ని, అయినా ఊరికే నిలబడ్డాను. చివరికి తనే తెచ్చుకున్నాడు, ఒక్కో మాటా.

"ఇది చదివితే హెల్సింకీ బస్సెక్కుతావనుకున్నా. ఆ ఏడాది నువ్వు నన్ను చూసే చూపు అలా ఉండేది. వారం ఆగి ఇద్దామనుకున్నా. వారం దాటాక ఎలా ఇవ్వాలో తెలీలేదు."

"ఇరవై నాలుగేళ్ళు ఎస్కో. నేను బాగా రాయలేనని ఇరవై నాలుగేళ్ళు నమ్మాను. నువ్వు నా ఎదురుగా కూర్చుని సూప్ తాగావు."

అవునన్నాడు. క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే ఆ డబ్బా అతని నెత్తిన కొట్టేదాన్ని.

కవరు చేతిలో తూచాను. వద్దనుకున్న ప్రతిని ఆ రోజుల్లో మొత్తంగా తిప్పి పంపేవాళ్ళు. నాలుగువందల పుటల బండిల్, దానికోసమే నేను బిళ్ళలు పెట్టింది. పక్క ఊరి పాస్టరుగారి భార్యకి అలాంటి బండిల్ రెండుసార్లు రావడం నేను కళ్ళారా చూశాను. నా చేతిలో ఉన్న కవరు పలచగా ఉంది. లోపల మహా అయితే ఒక కాగితం. నా నవల తిరిగి రాలేదు. వాళ్ళు దాన్ని అట్టిపెట్టుకున్నారు.

అతను ఖాళీ చేసిన మెట్టు మీదే కూర్చున్నాను. గోరు జొనిపి కవరు అంచు చింపాను. కాగితం మడత సగం బయటికొచ్చింది. "గౌరవనీయులైన" అన్న మొదటి మాట కనిపించింది. అప్పుడు ఎస్కో నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాఫీ డబ్బా నావైపు వంచాడు.

"ఇర్మేలీ," అన్నాడు. "ఇది మొదటిది."